లాబ్రమ్ చిరుగులు: భుజకీలు శస్త్రచికిత్స చరిత్ర

రెట్ట ఎముక గుండ్రని తల ఆనుకునే భుజపు గుంట చుట్టూ గట్టి అంచులా ఉండే తంతుయుత మృదులాస్థిని లాబ్రమ్ అంటారు. గుంట చాలా చిన్నది. చేయి ఎటు తిప్పినా ఎముక తలలో మూడో వంతుకు మించి దానికి ఆనదు. గుంటకున్న లోతులో సుమారు సగం లాబ్రమ్ వల్ల వచ్చిందే. ఎముక ముందుకు జారకుండా పట్టి ఉంచే లిగమెంట్లు దీని నుంచే బయలుదేరుతాయి. పైభాగాన బైసెప్స్ పొడవాటి స్నాయువు దీనితో కలిసిపోయి ఉంటుంది. చేయి అన్ని వైపులా తిరగడానికి వీలిచ్చే ఈ అమరికే ఒంట్లోని పెద్ద కీళ్లలోకెల్లా భుజాన్ని ఎక్కువగా జారే కీలుగా చేసింది.

జారిన భుజాన్ని కూర్చోబెట్టడం ప్రాచీనులకు తెలుసు. చంకలో రోకలి పెట్టి పైకెత్తి, స్వస్తిక బంధంతో కట్టమని సుశ్రుత సంహిత చికిత్సాస్థానం చెబుతుంది. మాటిమాటికీ జారే భుజానికి హిప్పొక్రటీస్ పేరిట ఉన్న గ్రీకు గ్రంథం చంకలో ఎర్రగా కాల్చిన ఇనుముతో వాత పెట్టమంది. అక్కడ మచ్చ కట్టి బిగుసుకుంటే ఎముకకు దారి మూసుకుంటుందని వారి ఆలోచన. ఆ నొప్పి ఊహకే భయంకరం. అయినా కీలును కూర్చోబెట్టడం వేరు, మళ్లీ జారకుండా చూడడం వేరు అని వారు గ్రహించడం గొప్ప విషయం.

అసలు లోపం ఎక్కడుందో తేలడానికి చాలా శతాబ్దాలు పట్టింది. 1890లో ఫ్రాన్సులో బ్రోకా, హార్ట్‌మన్ గుంట ముందు అంచు నుంచి కణజాలం ఊడిపోవడాన్ని వర్ణించారు. 1906లో జర్మన్ సర్జన్ గేయార్గ్ పెర్తెస్ దాన్ని తిరిగి ఎముకకు కుట్టారు. పేరు మాత్రం లండన్ సర్జన్ ఆర్థర్ సిడ్నీ బ్లండెల్ బ్యాంకార్ట్‌కు దక్కింది. ఊడిన లాబ్రమ్ అంచు దానంతటది అతకదని, దాన్ని ఎముకకు తిరిగి బిగించడమే సరైన చికిత్స అని ఆయన 1923లోను, 1938లోను వాదించారు. పెర్తెస్‌కు రావలసినంత గుర్తింపు రాలేదనే చెప్పాలి.

ఆ వాదన వెంటనే గెలవలేదు. పుట్టి–ప్లాట్, మాగ్నసన్–స్టాక్ వంటి ఆపరేషన్లు చిరుగును వదిలేసి ముందువైపు కండరాన్ని బిగించేవి. జారడం తగ్గేది గాని, చేయి బయటికి తిరగడం కూడా తగ్గేది. కొందరికి ఏళ్ల తర్వాత కీలు అరిగిపోయేది. 1954లో లియాన్ సర్జన్ లతార్జే మరో దారి తొక్కి, రెక్క ఎముక కొమ్మును తెచ్చి గుంట అంచున బిగించారు. బ్యాంకార్ట్ పద్ధతిలో చేసిన ఆపరేషన్ల దీర్ఘకాల ఫలితాలను అమెరికన్ సర్జన్ కార్టర్ రో 1978లో ప్రకటించారు. మళ్లీ జారినవి 3.5 శాతమే.

1980లలో భుజం శస్త్రచికిత్సలోకి ఆర్థ్రోస్కోప్ (చిన్న రంధ్రం గుండా కీలులోకి పంపే కెమెరా గొట్టం) రావడంతో పెద్ద కోత అక్కర లేకుండా పోయింది. సర్జన్ లానీ జాన్సన్ మొదట వాడిన లోహపు స్టేపుల్స్ కొన్ని వదులై మృదులాస్థిని దెబ్బతీశాయి. తర్వాత ఎముకలో దిగేసి, వాటికున్న దారంతో లాబ్రమ్‌ను కట్టే చిన్న యాంకర్లు స్థిరపడ్డాయి. అయినా కొందరికి ఈ ఆపరేషన్ ఎందుకు విఫలమవుతోందో 2000లో సర్జన్లు బర్ఖార్ట్, డి బీర్ తేల్చారు. ఎముక పెద్దగా అరగనివారిలో 4 శాతం మందికి, బాగా పోయినవారిలో 67 శాతం మందికి భుజం మళ్లీ అస్థిరమైంది. ఎముక బాగా పోయినవారికి ఇప్పుడు ఎక్కువగా లతార్జే పద్ధతిని ఎంచుకుంటారు.

పైభాగపు చిరుగు కథ వేరు. బంతి విసిరే 73 మంది క్రీడాకారుల్లో దాన్ని సర్జన్ జేమ్స్ ఆండ్రూస్ బృందం 1985లో వర్ణించింది. 1990లో సర్జన్ స్టీఫెన్ స్నైడర్ దానికి స్లాప్ అని పేరుపెట్టి నాలుగు రకాలుగా విభజించారు. ఆపై ఈ చిరుగులను విరివిగా కుట్టడం మొదలైంది. రెండో రకం చిరుగున్న 118 మందిపై నార్వేలో జరిగిన పరీక్ష ఫలితాలు 2017లో వచ్చాయి. లాబ్రమ్ కుట్టినా, బైసెప్స్ స్నాయువును మార్చి బిగించినా, ఉత్తుత్తి ఆపరేషన్ చేసినా రెండేళ్లకు చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. నడివయసువారికి ఎమ్మారైలో పైభాగపు చిరుగు కనిపించినంత మాత్రాన ఆపరేషన్ అవసరమని కాదు. వ్యాయామ చికిత్సను ముందుగా ప్రయత్నించడమే సరైన పద్ధతి.