తీగ లేని హెడ్‌సెట్టు: దాని పుట్టుపూర్వోత్తరములు

పాటలు ఎంతో ఇంపుగ వినిపించు హెడ్‌సెట్టును పెట్టుకొని ఫోనులో మాటాడినప్పుడు, "నూతిలోంచి మాట్లాడుతున్నట్టుంది, కాస్త గట్టిగా చెప్పండి" అని అవతలివారు విసుగుకొనుట మనలో చాలమందికి అనుభవమే. హెడ్‌సెట్టు కొనువారు దానిని చెవికి తగిలించి, ఒక పాట విని తృప్తిపడుదురు. కాని ఫోను సంభాషణలో దాని గుణదోషములు తెలియునది మనకు కాదు, అవతలివారికి. ఫోనులో పాఠము చెప్పు ఉపాధ్యాయునకైనను, మందు పేరు చెప్పు వైద్యునకైనను ఇది చిన్న విషయము కాదు. ఇట్లేల జరుగునో ఈ సాధనము చరిత్రయే మనకు చెప్పును.

అలెగ్జాండర్ గ్రాహంబెల్ 1876లో టెలిఫోనునకు పేటెంటు పొందెను. కొలది సంవత్సరములలోనే పట్టణములందు ఎక్స్ఛేంజీలు వెలసెను. అచ్చటి ఆపరేటర్లకు తీగలను ఒకచోట తీసి మరియొకచోట గ్రుచ్చుటకు రెండు చేతులును కావలసి యుండెను. కావున వినెడు భాగమును తలకు తగిలించి, మాటాడెడు భాగమును రొమ్ముపై నొక పలకకు బిగించిరి. ఆ పలకనుండి ఒక బూర నోటి చెంతకు వచ్చెడిది. ఆనాటి మైక్రోఫోనులోని బొగ్గు రేణువులు శబ్దపు ఒత్తిడికి నొక్కుకొనినకొలది విద్యుత్ప్రవాహము మారుచుండును. నోరు దూరమైనచో ఆ ఒత్తిడి చాలదు. బూర అవసరమైనది అందువలననే.

1910లో అమెరికాలోని యూటా రాష్ట్రవాసి నథానియల్ బాల్డ్విన్ తన వంటింటిలో తయారుచేసిన హెడ్‌ఫోనులను ఆ దేశపు నౌకాదళము కొనెను. చెవి సమస్య చాలవఱకు తీరెను. నోటి సమస్య మిగిలెను. బరువైన పరికరములతో విసిగిన విమానచోదకుల కొఱకు 1961లో అమెరికాలో ప్లాంట్రానిక్స్ అను సంస్థ వెలసి, తేలికయైన హెడ్‌సెట్టును నిర్మించెను. 1969 జులైలో చంద్రునిపైనుండి ఆర్మ్‌స్ట్రాంగ్ పలికిన మాటలు ఆ సంస్థ హెడ్‌సెట్టు ద్వారానే భూమికి చేరెను.

ఇక తీగను తొలగించుట యెట్లు? దీనికి తొలియత్నము చేసినవాడును బెల్లే. 1880లో అతడును, టెయింటర్ అను సహాయకుడును వాషింగ్టనులో సూర్యకాంతిని పలుచని అద్దముపై పడవైచి, మాటల వలన ఆ అద్దము కంపించునట్లు చేసిరి. పరావర్తనము చెందిన కిరణము 213 మీటర్ల దూరమునకు మాటను మోసుకొనిపోయెను. కాని మబ్బు పట్టినచో మాట ఆగిపోవును. 1888 నాటికి హెర్ట్జ్ నిరూపించిన రేడియో తరంగములకు ఈ చిక్కు లేదు. అయితే వానికి మరియొక చిక్కు కలదు: ఒకే పౌనఃపున్యముపై ఇద్దరు మాటాడినచో రెండును కలగాపులగమగును.

దీనికి ఉపాయము పౌనఃపున్యమును మాటిమాటికి మార్చుట. టార్పెడోలను శత్రువునకు చిక్కకుండ నడుపుటకు ఈ విధానమును ఉపయోగించు పథకమునకు 1942లో సినీనటి హెడీ లామార్, సంగీతకారుడు జార్జి ఆంథీల్ పేటెంటు పొందిరి. అందు 88 పౌనఃపున్యములు కలవు. 1985లో అమెరికా ప్రభుత్వము 2.4 గిగాహెర్ట్జ్, అనగా సెకనునకు 240 కోట్ల కంపనముల ప్రాంతమున, ఇట్టి విధానములతో పనిచేయు పరికరములను లైసెన్సు లేకుండ వాడనిచ్చెను.

1994లో స్వీడనులోని లుండ్ పట్టణమున, ఎరిక్సన్ సంస్థలో జాప్ హార్ట్‌సెన్ అను ఇంజనీరు స్వల్పశక్తితో పనిచేయు రేడియో బంధమును రూపొందింప మొదలిడెను. ఇందు ఫోనును హెడ్‌సెట్టును 79 గడుల తొక్కుడుబిళ్ల ఆడు ఇద్దరు పిల్లలవలె, ముందే ఏర్పరచుకొనిన క్రమములో సెకనునకు 1600 సారులు కలసి గెంతును. 1998లో ఐదు సంస్థలు కూడి దీనిని ప్రమాణముగ స్వీకరించెను. 10వ శతాబ్దమున డెన్మార్కును ఏలిన హెరాల్డ్ రాజు బిరుదునుండి దీనికి బ్లూటూత్ అను పేరు వచ్చినది.

తీగ తెగినది, కాని దానికి వెల చెల్లింపవలసివచ్చెను. చిన్న బ్యాటరీతో మాటను రెండువైపులకును పంపవలెను. అందుచే మొదట మాటను సెకనునకు 8000 సారులు మాత్రమే కొలిచి పంపిరి. అట్లు చేసినచో 4000 హెర్ట్జ్‌కు పైనున్న ధ్వనులు నశించును. "స"కారపు బలము చాలవఱకు అంతకు పైననే యున్నది. కనుక "సరము" అన్నను "శరము" అన్నను వినువారికి తేడా తెలియుట కష్టము కావచ్చును. పాటకో, అది ఒకవైపునకే పోవును గనుక, వేరొక మెరుగైన మార్గము ఏర్పడినది. ఫోను రాగానే పాత హెడ్‌సెట్టు ఆ విశాలమార్గమును విడిచి ఇరుకుదారి పట్టును. మన మొదటి ప్రశ్నకు సమాధాన మిదియే. 2011లో 16000 సారులు కొలుచు విధానము ఫోను మాటలకును వచ్చినది. అయితే హెడ్‌సెట్టు, రెండు ఫోనులు, నెట్‌వర్కు అన్నియు దానిని పాటించినప్పుడే ఫలము దక్కును.

ఇక రొమ్ముపలక బూర నేర్పిన పాఠము నేటికిని మారలేదు. నోటికి 3 సెంటీమీటర్ల దూరమున నున్న మైక్రోఫోనునకు అందు శబ్దపు ఒత్తిడిలో, 12 సెంటీమీటర్ల దూరమున చెవి యొద్దనున్న దానికి నాలుగవ వంతు మాత్రమే అందును. ఫ్యాను రొదయో రెండింటికిని సమానమే. రెండు మైక్రోఫోనులతో లెక్కలు వేసి రొదను తగ్గించు పరికరములు కలవు. కాని రొద హెచ్చైనచో అవి మాటను కూడ కొంత కోసివేయును. కనుక ఎక్కువసేపు మాటాడువారికి నోటివైపునకు చాచిన కొమ్మ గల హెడ్‌సెట్టు మేలు. బ్యాటరీ ఎన్ని గంటలు పాడునో కాదు, ఎన్ని గంటలు మాటాడునో అడుగుడు. కొనుటకు ముందు ఒక మిత్రునితో వీథి ప్రక్క నిలిచి మాటాడి, అతని అభిప్రాయము తెలిసికొనుడు. హెడ్‌సెట్టును ధరించువారు మనమైనను, దానికి మార్కులు వేయవలసినవాడు అతడే.