బాపు రేఖ – పిల్లల తెర

పాపారపట్టి తెలుగు ఇండ్లలోని పిల్లలకు తెలుగు మాట వచ్చును. తెలుగు అక్షరము రాదు. అవ్వ చెప్పిన కథ అర్థమగును గాని, ఆ కథయే అచ్చులో కనబడినచో తాళము వేసిన తలుపువలె నుండును. ధర్మపురి సీమలో తరతరములుగా స్థిరపడిన మన కుటుంబములలో ఇది క్రొత్త సంగతి కాదు. ఇంటిలో ఒక భాష, బడిలో మరియొక భాష. ఇట్టి పిల్లలకు తెలుగును చేర్చుటకు అక్షరముకంటె ముందు నడువగల దూత ఒకటి కలదు. అది బొమ్మ. ఆ బొమ్మను పత్రికనుండి వెండితెరకును, వెండితెరనుండి చిన్న తెరకును నడిపించిన చిత్రకారుడు బాపు.

1947 జూలైలో మద్రాసునుండి నాగిరెడ్డి, చక్రపాణి గారలు 'చందమామ'ను తెలుగునను, 'అంబులిమామ'ను తమిళమునను వెలువరించిరి. కథ యొకటే, బొమ్మ యొకటే, లిపి మాత్రము వేరు. తాత చదివిన తెలుగు సంచికలోని రాకుమారునే మనుమడు తమిళ సంచికలో చూడగలిగెను. మన వంటివారికి ఆ బొమ్మ చేసిన మేలు ఇంతని చెప్పజాలము.

బాపు అసలు పేరు సత్తిరాజు లక్ష్మీనారాయణ. 1933 డిసెంబరు 15న నరసాపురమున జన్మించెను. పెరిగినది, చదివినది, స్థిరపడినది మద్రాసులో. కావున ఆయనయు మనవలె తమిళదేశపు తెలుగువాడే. ఈ సంగతిని గోదావరి అభిమానులు కొంచెము మరచుచుందురు! ముళ్లపూడి వెంకటరమణతో స్నేహము కుదిరినదియు మద్రాసు బడి చదువునాడే. రేడియో అన్నయ్య, అక్కయ్యలుగా పేరొందిన న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు మద్రాసులో నడపిన 'బాల' పత్రికలో ఈ మిత్రుల తొలి అడుగులు పడినవి. పిల్లల రేడియో నడిపిన చేతులే పిల్లల పత్రికను నడిపినవి. ఆ పత్రికలో బొమ్మ గీసిన బాలుడే పెద్దవాడై పిల్లల టెలివిజన్ పాఠములకు పూనుకొనెను.

1955లో మద్రాసు విశ్వవిద్యాలయమునుండి న్యాయశాస్త్ర పట్టము పొందెను గాని, కోర్టు గుమ్మము ఆయనను నిలుపుకొనలేకపోయినది. 'ఆంధ్రపత్రిక'కు కార్టూనులు, వారపత్రికల కథలకు బొమ్మలు, పుస్తకములకు ముఖచిత్రములు గీయుచు సాగెను. రమణ వ్రాసిన 'బుడుగు'కు రూపమిచ్చినదియు ఆయనయే. ఆ పిల్లవాని నడుముపై చేతులు, మొగములోని పెద్దరికము చూచిన చాలును, అక్షరము రాని పసివాడును నవ్వును. బాపు గీతలో పొదుపు ఎక్కువ. ఒక చోట లావై, మరియొక చోట సన్నగిల్లి, ఆపై ఠక్కున ఆగిపోవు ఆ రేఖలో కన్ను, ముక్కు, కోపము, కొంటెతనము అన్నియు ఇమిడియుండును.

1967లో 'సాక్షి' చిత్రముతో దర్శకుడైన పిమ్మటను కుంచె విడువలేదు. తీయవలసిన దృశ్యములను ముందే బొమ్మలుగా గీసికొని పనిచేయుట ఆయన పద్ధతి. 1970లో వచ్చిన 'బాలరాజు కథ' మనకు ప్రత్యేకముగా దగ్గరిది. తమిళమున ఏ.పి. నాగరాజన్ తీసిన 'వా రాజా వా' దానికి మూలము. కథ జరుగునది మహాబలిపురపు రాళ్లనడుమ. నాయకుడు ఒక బాలుడు. 'సంపూర్ణ రామాయణము' 1971లోను, 'సీతాకల్యాణము' 1976లోను వచ్చినవి.

ఈలోగా చిన్న తెర పల్లెలకు వచ్చినది. 1975 ఆగస్టు 1 మొదలు 1976 జూలై 31 వరకు అమెరికా ఉపగ్రహముద్వారా ఆరు రాష్ట్రములలోని సుమారు 2400 గ్రామములకు మన ప్రభుత్వము టెలివిజన్ కార్యక్రమములను పంపెను. ఆ రాష్ట్రములలో ఆంధ్రప్రదేశమును ఒకటి. ఉదయమున బడిపిల్లలకు వారి భాషలోనే కార్యక్రమములు. అయితే ప్రసారమునకు ఒక లోటు కలదు. పిల్లవానికి అర్థమైనను కాకున్నను అది సాగిపోవును.

ఆ లోటు తీర్చగలిగినది వీడియో కాసెట్టు. 1980 దశకమున నందమూరి తారకరామారావు ముఖ్యమంత్రిగా నున్నపుడు, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము కొరకు బాపు రమణలు బడిపిల్లలకు వీడియో పాఠములు నిర్మించిరి. కాసెట్టును ఉపాధ్యాయుడు నడుమ ఆపవచ్చును, వెనుకకు త్రిప్పవచ్చును, ప్రశ్న అడిగి మరల చూపవచ్చును. కథలో నవ్వు పండించిన రమణ, గీతలో నవ్వు పండించిన బాపు పాఠమునకు పూనుకొనుట సామాన్య విషయము కాదు. చిన్న తెరపై కిక్కిరిసిన వివరములు మసకబారును. నిబ్బరమైన రేఖ నిలుచును. బాపు గీత ఆ తెరకే పుట్టినట్లుండును అని నా అభిప్రాయము. తరువాతి కాలమున ఆయన 'శ్రీభాగవతము'ను ఈటీవీ ధారావాహికగా తీసెను. సినిమాకు వెళ్లజాలని ముసలమ్మలును, నిద్రకు జోగు పిల్లలును ఒక్క చాపమీద కూర్చుండి చూడదగినది అది.

ఇచ్చట నాకొక చింత కలదు. ఆ వీడియో పాఠములు రాష్ట్రపు సరిహద్దులోని పిల్లల కొరకు చేయబడినవి. వారికి బడియే తెలుగు నేర్పును. బొమ్మతో కూడిన పాఠము ఎవరికి మిక్కిలి అవసరమో, ఆ సరిహద్దు కీవలి పిల్లలు లెక్కలోనికి రాలేదు. తమిళనాట 2006లో వచ్చిన చట్టము మేరకు ఒకటవ తరగతినుండి ఏటేట తమిళము నిర్బంధ పాఠ్యమై, 2015–16 నాటికి పదవ తరగతిని చేరినది. తమిళము నేర్చుటకు మనకు అభ్యంతరము లేదు. అది మనకు అన్నము పెట్టిన భాష. తెలుగు అక్షరమునకు బడిలో చోటు ఇరుకైనదనుటే ఇక్కడి మాట.

రమణ 2011 ఫిబ్రవరి 24న మరణించెను. బాపునకు 2013లో పద్మశ్రీ వచ్చెను. 2014 ఆగస్టు 31న ఆయన చెన్నైలోనే కన్నుమూసెను. ఆయన చేతివ్రాత కంప్యూటరు అక్షరములుగా మారి నేటికిని శుభలేఖలపై వెలుగుచున్నది. మొన్న ఆంధ్రమునుండి మా ఇంటికి వచ్చిన పెండ్లిపిలుపును ఒక పిల్లవాడు తిరుగవేసి చూచి, "ఇది అక్షరమా, బొమ్మా?" అని అడిగెను. రెండును అని చెప్పి, మొదటి అక్షరము మీద వాని వ్రేలు పెట్టి దిద్దించితిని.