స్వెట్టర్లమ్మే స్త్రీల చరిత్ర

చలికాలంలో మన పట్టణాల్లో రోడ్డు వారన స్వెట్టర్లమ్మే టిబెటన్ స్త్రీలను చాలామందిమి 'నేపాలోళ్ళు' అనేస్తాం. ఆ స్వెట్టర్లు వాళ్ళ దేశపు ఉన్నితో అల్లినవనుకుంటాం. నిజానికి అవి ఎక్కువగా లూధియానా నుంచి అప్పు మీద తెచ్చుకున్న సరుకు.

మనకు దగ్గర్లో ఉన్న వీళ్ళ పెద్ద శిబిరం కర్ణాటకలోని బైలకుప్పె. 1960ల మొదట్లో మైసూరు రాష్ట్రమిచ్చిన అడవి భూమిని నరికి, చదును చేసి, మొక్కజొన్న వేశారు. వాన మీద ఆధారపడ్డ పంట. కోతలయ్యాక ఇల్లు గడవక స్వెట్టర్ల మూటలెత్తుకున్నారు. అనంతపురం మనిషిగా నాకిది తెలిసిన కథే. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వానకు కూడా నమ్మకం లేని మా మెట్టనేలలో వేరుశనగ ఎండితే ఆడా మగా బెంగుళూరు బస్సెక్కుతారు. అయితే పోలిక అక్కడ ఆగిపోతుంది. మా కూలీకి తిరిగి రావడానికి ఊరుంది, ఓటుంది. శరణార్థి స్త్రీ చేతిలో ఉండేది గడువు తీరగానే మళ్ళీ రాయించుకోవలసిన రిజిస్ట్రేషన్ కాగితం. 1986లో ఈ దేశంలోనే పుట్టిన నామ్‌గ్యాల్ డోల్కర్ తాను భారత పౌరురాలినని 2010లో ఢిల్లీ హైకోర్టుకెళ్ళి నిరూపించుకోవలసి వచ్చింది.

1959 మార్చి 10న లాసా ప్రజలు తిరగబడ్డారు. 17 రాత్రి దలైలామా లాసా విడిచారు. ఈ రెండు తేదీలూ పుస్తకాల్లో దొరుకుతాయి. మధ్యలో 12న వేలాది స్త్రీలు వీధుల్లోకొచ్చిన సంగతి మాత్రం ప్రవాసంలోని స్త్రీలే పనిగట్టుకుని గుర్తుంచుకున్నారు. 1993లో ద్రాప్చీ జైల్లో 14 మంది భిక్షుణులు దొంగచాటుగా టేపులో పాటలు రికార్డు చేసి బయటికి పంపారు. అందుకు వాళ్ళ శిక్షలు ఏళ్ళకేళ్ళు పెరిగాయి. వారిలో ఫుంట్సోగ్ నైడ్రాన్ 2004లో గానీ బయటికి రాలేదు. జైలు సాహిత్యమంటే మగ ఖైదీల డైరీలే చదువుకున్న మన తరగతి గదుల్లోకి ఈ పాటలు ఎందుకు రాలేదు?

అక్కడి నేల కూడా చేజారుతోంది. పచ్చికను కాపాడాలన్న పేరుతో 2000ల నుంచి జడలబర్రెల కాపరులను కాలనీలకు తరలించారు. మంద పోతే పాలు, వెన్న, ఉన్ని చూసుకునే ఆడవాళ్ళ పనీ, ఆ పనికి సంబంధించిన మాటలూ పోతాయి. మేత కోసం మందలు తోలుకుపోయే మా కురుబ ఇళ్ళల్లో ఈ మాట చెబితే ఇట్టే అర్థమవుతుంది. మనం బ్రహ్మపుత్ర అని పిలిచే యార్లుంగ్ త్సాంగ్పో మీద 2025 జూలైలో భారీ ఆనకట్ట పని మొదలైంది. వద్దనే హక్కు ఆ ఒడ్డున ఉన్నవాళ్ళకు లేదు.

బుద్ధుడు కాలచక్రాన్ని బోధించింది మన ధాన్యకటకంలోనని టిబెటన్ల విశ్వాసం. 2006 జనవరిలో దలైలామా అమరావతికి వచ్చింది అందుకే. మన ఊరి పేరు వాళ్ళ ప్రార్థనల్లో శతాబ్దాలుగా ఉంది. వాళ్ళ స్త్రీల పేర్లకు మన చరిత్రల్లో ఇంకా చోటు దొరకలేదు.