పితృనామములు, పాత పత్రములు – వంశాన్వేషణమునకు ఇచ్చోడ సీమ చెప్పు పాఠము

తర్పణవేళ కర్త ఉచ్చరింపవలసినవి ముందుగా మూడు తరముల నామములు. పితృ పితామహ ప్రపితామహులను వసు రుద్ర ఆదిత్య స్వరూపులుగా భావించి, గోత్రనామములతో స్మరించుట వైదిక సంప్రదాయము. కాని నేడు అనేక గృహములలో రెండవ నామముతోనే జ్ఞాపకము ఆగిపోవుచున్నది. ముత్తాత పేరేమని పురోహితుడు అడుగగా కర్త ఇంటి పెద్దలవైపు చూచును. పెద్దలు గతించిన యింట చూచుటకును ఎవరును ఉండరు. వంశచరిత్రను వెదకవలెనను కోరిక పలువురిలో ఈ మౌనమునుండియే పుట్టుచున్నది.

ఆదిలాబాదు సీమలో ఈ అన్వేషణమునకు విశేషమైన క్లేశములు కలవు. నాగపూరునకు పోవు రాజమార్గముపై నున్న ఇచ్చోడ పరిసరములు తెలుగు, మరాఠీ, గోండీ, ఉర్దూ భాషల సంగమస్థానము. నిజాము ప్రభుత్వపు పత్రములు తొలుత పారశీకములో నడచినవి. 1884 ప్రాంతమున ఉర్దూ ఆ స్థానమును పొందినది. ఈ సీమ గ్రామలెక్కలలో మరాఠీ మోడీ లిపియును కనబడును. ఆదిలాబాదు ప్రత్యేక జిల్లాగా ఏర్పడినది 1905లో. అంతకు పూర్వము ఈ సీమలో అధికభాగము సిర్పూరు-తాండూరు ఉపజిల్లాగా నుండెను. కనుక పాత పత్రమున నేటి జిల్లా పేరు కానరానంత మాత్రమున నిరాశ చెందనక్కరలేదు.

కాలగణనమందును జాగ్రత్త వలయును. ఆ పత్రములలోని సంవత్సరములు ఫస్లీ శకమునకు చెందినవి. ఫస్లీ సంఖ్యకు 590 కలిపినచో సుమారుగా క్రీస్తుశకాబ్దము వచ్చును. ఫస్లీ 1315 అని యున్న కాగితము 1905 ప్రాంతపుదని గ్రహింపవలెను.

అన్వేషణమునకు క్రమము ఉన్నది. మొదటిది గృహము. జాతకచక్రములు, లగ్నపత్రికలు, తాళపత్రముల చివరనుండు లేఖకుని పేరు, పాత క్రయపత్రములు అందు చూడదగినవి. రెండవది భూమి లెక్క. కొలత, బందోబస్తు జరిగినప్పుడు వ్రాసిన సేత్వారు, ఏటేటి పహాణీలు, 1954-55 నాటి ఖాస్రా పహాణీ ఇందు ముఖ్యములు. దేవాలయ సేవకై ఇనాము పొందిన అర్చక కుటుంబములకు ముంతఖబు అను పత్రము మిక్కిలి ఉపకారి. ఇనాము ఎవరికి, ఏ సేవకై లభించెనో అందుండును. వారసత్వ విచారణము జరిగినచోట ‘షజ్రా’ అనబడు వంశవృక్షమును లభింపవచ్చును. మూడవది హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర పురాలేఖాగారము. షాజహాను, ఔరంగజేబు కాలముల దక్కను పత్రములు సైతము అచట భద్రముగా నున్నవి. నాలుగవది తీర్థక్షేత్రము. కాశీ, గయ, హరిద్వారములందలి పండాలు యాత్రికుల ఊరు, పేరు, తండ్రితాతల పేర్లు తమ బహీలలో వ్రాసికొనుట పరంపరాగతము.

ఈ మార్గమున రెండు భ్రాంతులు కలుగును. తాత పేరు మనుమనికి పెట్టుట మన ఆచారము గనుక ఒకే నామము ఒక తరము విడిచి మరల వచ్చును. తండ్రి పేరు సరిచూడనిచో ఇద్దరు ఒక్కరై, ఒక తరమే లోపించును. రెండవది దత్తత. దత్తుడు స్వీకరించిన వారి గోత్రమున, వారి ఇంటిపేరున పత్రమెక్కును. అతని జన్మవంశము వేరుచోట వెదకవలెను.

ఇంత శ్రమించినను పత్రము చెప్పునది కొంతయే. అది శిస్తు చెల్లించిన వానిని, భూమి పొందిన వానిని ఎరుగును, తదితరులను ఎరుగదు. దీనికి ఈ సీమయే సాక్షి. ఇచ్చట తరతరములుగా అడవిలో పోడు చేసికొని జీవించిన గోండులలో అనేకులకు పట్టా లేదు. రిజర్వు అడవుల హద్దులు గీచినప్పుడు ప్రభుత్వలెక్కలో పేరులేని కారణమున తాము దున్నిన నేలయందే వారు అన్యులైరి. ఆ వేదనయే కొమురం భీము పోరాటమునకు మూలము. 1940లో జోడేఘాటు వద్ద ఆయన నేలకొరిగిన పిదప, నిజాము ప్రభుత్వము గోండుల స్థితి నెరుగుటకు హైమెన్‌డార్ఫ్ అను మానవశాస్త్రజ్ఞుని నియమించినది. ఆ దశాబ్దమున వేలాది గోండులకు పట్టాలు లభించినవి. పత్రమున పేరు లేకుండుట ఎంతటి హానియో దీనివలన తెలియును.

కాని ఆ జనులకు వంశచరిత్ర లేదనుట అసత్యము. వారి వంశగాథలను ప్రధానులు కిక్రీ వాద్యముపై గానము చేయుదురు. ఏ కుటుంబమునకు ఏ ప్రధానుడు గాయకుడో అదియును వంశపారంపర్యమే. ఒకే ‘సగ’కు చెందినవారు పరస్పరము వివాహమాడరు, సగోత్ర వివాహనిషేధమువంటిదే ఈ నియమము. ఇంద్రవెల్లి మండలమందలి కేస్లాపూరున పుష్య అమావాస్యనాడు మెస్రం వంశీయులు నాగోబాను అర్చింతురు. గోదావరియందలి హస్తినమడుగు వరకు పాదచారులై పోయి, గంగాజలము తెచ్చి అభిషేకింతురు. పూజకు వలయు కుండలను ఇచ్చోడకు సమీపమున నున్న సిరికొండ కుమ్మరి కుటుంబము తరతరములుగా చేయుచున్నది. ఆ సమయముననే వంశమునకు వచ్చిన క్రొత్త కోడండ్రను దేవునికి, పెద్దలకు పరిచయము చేయుదురు. దానిని ‘భేటింగ్’ అందురు. అది జరిగిన పిదపనే ఆమె వంశీయురాలుగా గణింపబడును. ఏ కాగితమును లేకయే ప్రతి సంవత్సరము నూతనమగు వంశపట్టిక ఇది.

ఇచ్చట ఒక విషయము గమనింపదగినది. భూమి లెక్కలలో స్త్రీల నామములు అరుదు; అనేక వంశవృక్షములు పురుషనామములతోనే ముగియును. తర్పణవిధి అట్లు కాదు. మాతృ పితామహీ ప్రపితామహులను, మాతామహ వర్గమును సైతము నామగోత్రములతో స్మరింపుమని ఆదేశించును. పత్రము విడిచినదానిని మంత్రము అడుగుచున్నది. కనుక వంశపట్టిక వ్రాయువారు ముత్తవ్వ పేరును, ఆమె పుట్టినింటి పేరును ముందుగా విచారింపవలెను. చెప్పగల వృద్ధులు గతించిన పిదప అది ఏ కార్యాలయమునను లభింపదు.

ఎంత వెదకినను నామము లభింపనిచో ఏమి చేయవలెను? సూత్రకారులు దీనిని ముందే యోచించిరి. నామము తెలియనప్పుడు పృథివియందున్న పితరులని, అంతరిక్షమందున్న పితరులని, ద్యులోకమందున్న పితరులని సంబోధించి పిండము నొసగు విధానము కలదు. గోత్రము తెలియనివారికి కాశ్యపగోత్రము చెప్పుదురు. శాస్త్రము కల్పితనామమును అనుమతింపలేదు. తెలియమిని అంగీకరించి శ్రద్ధతో ఇచ్చుటకు మార్గము చూపినది. వంశచరిత్ర వ్రాయువారికిని ఇదియే నియమము. రాజాస్థానములను, మహాపండితులను పూర్వులకు అంటగట్టరాదు. దొరకని తరమున ఖాళీ విడుచుట దోషము కాదు. ఆ ఖాళీని అసత్యముతో నింపుట పితృద్రోహము.

లభించిన నామమును ఆధారముతో సహా స్వహస్తమున వ్రాసి, సంతానముచేత బిగ్గరగా చదివింపవలెను. రాబోవు మహాలయ పక్షమున పురోహితుడు మూడవ నామమడిగినప్పుడు ఆ యింటి బాలుడు సమాధానము చెప్పగలిగినచో, పత్రాన్వేషణమునకు ఫలము సిద్ధించినట్లే.

ఇతి శమ్.