వ్యసన చికిత్సలో పొగాకు మాన్పించడం

మద్యం, గంజాయి, నల్లమందు వంటి వ్యసనాలకు చికిత్స పొందుతున్నవారిలో సిగరెట్, బీడీ, ఖైనీ అలవాటును కూడా వదిలించే వైద్యం. ముందు తాగుడు మాననిద్దాం, బీడీ సంగతి తర్వాత చూద్దామనే ధోరణి డీ-అడిక్షన్ కేంద్రాల్లో చాలాకాలం సాగింది. ఆ ఉపేక్షకు రోగులు ప్రాణాలతో మూల్యం చెల్లించారు. అమెరికాలోని మిన్నెసోటాలో వ్యసన చికిత్స పొందిన 845 మందిని పరిశీలించి 1996లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, వారిలో సంభవించిన మరణాల్లో సగానికి పైగా పొగాకు వల్లే. మద్యం వాటా దాదాపు మూడోవంతు. తాగుడు మానేవారి పరస్పర సహాయ సంఘం ఆల్కహాలిక్స్ అనానిమస్ స్థాపకుల్లో ఒకరైన బిల్ విల్సన్ 1934లో మద్యం మానేశారు, సిగరెట్లు మాత్రం చాలా ఏళ్లు వదల్లేకపోయారు. ఊపిరితిత్తుల జబ్బుతో 1971లో కన్నుమూశారు.

రెండూ ఒకేసారి మాన్పిస్తే రోగి మళ్లీ తాగుడులో పడతాడన్న భయానికి ఆధారం బలహీనం. వ్యసన చికిత్సతోపాటు పొగాకు చికిత్సా పొందినవారు మద్యానికి, మత్తుమందులకు దీర్ఘకాలం దూరంగా ఉండే అవకాశం 25 శాతం ఎక్కువని 2004 నాటి ఒక సమీక్ష తేల్చింది.

కౌన్సెలింగ్‌కు నికోటిన్ పట్టీలు, 2 లేదా 4 మిల్లీగ్రాముల గమ్, వరెనిక్లిన్ మాత్రలు తోడవుతాయి. గమ్‌ను ఘాటు తగిలేదాకా మెల్లగా నమిలి, చెంపకూ చిగురుకూ మధ్య ఉంచాలి. గబగబా నమిలితే ఎక్కిళ్లు, వికారం వస్తాయి. మద్యం హఠాత్తుగా మానేస్తున్నవారికి మూర్ఛ ముప్పు వల్ల, పొగాకు మాన్పించే మరో మందైన బుప్రొపియాన్ ఇవ్వకూడదు.