ఎర్రమట్టి బంధించిన యురేనియము

ఎర్రనేలలకు ఆ రంగు ఎట్లు వచ్చినది? ముఖ్యముగా హెమటైటు వలన. ఇనుము, ఆమ్లజని కలిసి ఏర్పడిన ఈ ఖనిజము నీటిలో కరిగి పారే యురేనియమును కూడా తన స్ఫటికములో బంధించగలదు. అది ఎట్లు సాధ్యమో తేల్చడానికి శాస్త్రజ్ఞులకు కంప్యూటరు తోడుపడినది.

సంయోజకత 4 ఉన్న యురేనియము నీటిలో దాదాపు కరుగదు. సంయోజకత 6 అయినప్పుడు రెండు ఆమ్లజని పరమాణువులను చెరియొక ప్రక్క పట్టుకొని, యురేనిలు అయానుగా సులువుగా కరుగుతుంది. అమెరికాలో కొలంబియా నది ఒడ్డున హాన్‌ఫర్డ్‌లో 1944 నుండి 1987 వరకు ప్లుటోనియము తయారుచేశారు. ఆ పనిలో నేలలోకి దిగిన యురేనియము భూగర్భజలముతోపాటు నదిని చేరింది. ఇది మూత్రపిండములకు హాని చేస్తుంది. త్రాగునీటిలో లీటరుకు 30 మైక్రోగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన.

హెమటైటు పైపైన అంటుకొన్న యురేనియము నీటి గుణము మారితే మరల విడిపోవచ్చును. స్ఫటికము పెరిగేటప్పుడు లోపల చిక్కినది అంత సులువుగా రాదు. కాని అక్కడ ఇనుము అయాను ఆవేశము 3, యురేనియముది 6. ఇమిడేది ఎట్లు? పరమాణువు చుట్టూ ఉన్న పొరుగు పరమాణువుల దూరములను ఎక్స్-కిరణముల శోషణనుబట్టి కొలిచే పద్ధతిని 1971లో సేయర్స్, స్టెర్న్, లైటిల్ చూపారు. అయితే వేర్వేరు అమరికలు ఒకే రకమైన జాడను ఇయ్యగలవు. అందుచేత చిక్కు తీరలేదు.

ఇక్కడ మన హైదరాబాదులో 1927లో జన్మించిన అనీసుర్ రహమాన్‌ను తలచుకోవాలి. ఆయన 1964లో అమెరికాలోని ఆర్గాన్ జాతీయ ప్రయోగశాలలో, ద్రవరూపములోని ఆర్గాను వాయువునకు ప్రతినిధులుగా 864 పరమాణువులను తీసుకొని, న్యూటను సూత్రముల ప్రకారము వాటి కదలికలను కంప్యూటరుతో గుణించాడు. యురేనియముకు ఇది చాలదు. ఎలక్ట్రానుల లెక్క కూడా కావాలి. దానికి 1964, 1965లలో హోహెన్‌బర్గ్, కోన్, షామ్ మార్గము వేశారు. 1985లో కార్, పారినెల్లో ఈ రెండు లెక్కలను జోడించారు.

హాన్‌ఫర్డ్ పొరుగున ఉన్న పసిఫిక్ నార్త్‌వెస్ట్ జాతీయ ప్రయోగశాల శాస్త్రజ్ఞులు, వారి సహచరులు 2018లో ఫలితము ప్రకటించారు. సాధ్యమైన అమరికలను కంప్యూటరులో నిర్మించి, ఒక్కొక్కటి ఇయ్యవలసిన ఎక్స్-కిరణ జాడను గుణించి, నిజమైన కొలతతో పోల్చారు. ఒక ఇనుము స్థానములో యురేనియము చేరుతుంది. దానికి ఎదురెదురు ప్రక్కల రెండు ఇనుము స్థానములు ఖాళీ అవుతాయి. ఆ ఖాళీలలో కొన్ని ఉదజని అయానులు చేరుతాయి. లెక్క చూడండి: పోయిన మూడు ఇనుముల ఆవేశము 9. వచ్చిన యురేనియముది 6, తక్కిన 3 ఉదజనిది. ఈ సర్దుబాటుతో యురేనియము యురేనిలును పోలిన ఆకారముతోనే లోపల ఇముడుతుంది.

మరొక వింత: అన్నిటికంటె తక్కువ శక్తిగల అమరిక ఒక్కటే కాక, ఇతర అమరికలు కూడా చెప్పుకోదగినంత కనిపించాయి. అనగా స్ఫటికము ఏ విధముగా పెరిగినదన్నది కూడా ముఖ్యమే. నేలలో చిక్కిన యురేనియము ఎంతకాలము నిలుస్తుందో అంచనా వేసేవారు ఇకమీద దీనిని లెక్కలోకి తీసుకోవలసి ఉన్నది.