లైఫ్‌బోట్ ఎక్కిస్తే సరిపోతుందా?

1941 మే 21. అమెరికా అప్పటికింకా తటస్థ దేశమే. దాని సరుకు ఓడ 'రాబిన్ మూర్'ని పశ్చిమ ఆఫ్రికా తీరానికి చాలా దూరంగా, నడిసముద్రంలో జర్మన్ సబ్‌మెరైన్ యు-69 ఆపింది. అందర్నీ లైఫ్‌బోట్లలోకి దిగమని, ఓడని ముంచేసి వెళ్ళిపోయింది. నాలుగు బోట్లు, 46 మంది. జూన్ 8న ఒక బోటు బ్రెజిల్ ఓడ కంటపడేదాకా ప్రపంచానికి కబురే లేదు. చివరికి అందరూ బతికారు.

"దిగడానికి టైమిచ్చాడుగా, మర్యాదస్తుడే" అనుకున్నా మొదట. కానీ 1936లో జర్మనీ కూడా ఒప్పుకున్న రూలేంటంటే, దగ్గర్లో తీరమో, ఎక్కించుకునే ఓడో ఉంటే తప్ప లైఫ్‌బోటు క్షేమమైన చోటు కాదు.

అందరూ బతికారు కాబట్టి తప్పు లేదనడం, ఇంకా క్రాష్ కాలేదు కాబట్టి బగ్ లేదనడం లాంటిదే. ఏమంటారు?